సంచి లేనివాళ్ల లెక్క

నా గర్భసంచి నా కడుపులోనే ఉంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా వాడకట్టులో సగం మంది అది పోయిందనే అనుకుంటున్నారు. కనిపించినప్పుడల్లా "బిందెలు మోయకు బిడ్డా, కుట్లు పిగులుతయ్" అని జాగ్రత్తలు చెప్తున్నారు. నా మంచికే చెప్తున్నారు కాబట్టి నేనూ తలూపి ఊరుకుంటున్నాను.

నా పేరు స్వరూప. నలభై దాటాయి. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కాంటా దగ్గర పని చేస్తాను. వడ్ల లారీ వచ్చి కాంటా ఎక్కితే నిండు తూకం వేస్తాను. సరుకు దించుకుని వచ్చాక ఖాళీ బండిని మళ్లీ తూచి, తేడా ఎంతో చీటీ కొట్టి ఇస్తాను. డ్రైవర్లు ఎంత తొందరపెట్టినా రెండో తూకం కాకుండా చీటీ ఇవ్వను. దానివల్ల మిల్లులో నాకు మంచి పేరూ ఉంది, చెడ్డ పేరూ ఉంది.

పోయిన ఏడాది మా ఇంట్లోకి వచ్చిన జబ్బు గురించీ, అది బయటపడడానికి కారణమైన పరీక్ష గురించీ రాస్తున్నాను. ఆ పరీక్షకు సర్కారు డబ్బు పెట్టాలా వద్దా అని పెద్దవాళ్లు ఇంకా తేల్చలేదు. తేల్చేటప్పుడు మేం పడ్డది కూడా వాళ్ల మనసులో ఉంటే బాగుండునని నా ఆశ. ఇంకో సంగతి కూడా ఉంది. కొన్నాళ్ల కిందట రాద్దామని కూర్చుంటే ఒక్క వాక్యం దాటలేదు. ఇప్పుడు రాయగలుగుతున్నాను.

ఏప్రిల్

యాసంగి వడ్లు దిగుతున్నాయి. మిల్లు గేటు నుంచి రోడ్డు దాకా లారీలే. ఆ హడావుడిలో బస్తీ దవాఖాన నుంచి నర్సు కవిత వచ్చింది. చేతిలో చిన్న చిన్న ప్లాస్టిక్ గొట్టాలు, ఒక్కోదానికి బ్రష్షులాంటి పుల్ల. డాక్టరు ముందు బల్ల మీద పడుకునే పని లేదట. బాత్రూంలోకి వెళ్లి మనమే ఆ పుల్లను లోపల తిప్పి, గొట్టంలో పెట్టి ఇచ్చేస్తే చాలట. గర్భసంచి మూతికి క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందో లేదో ల్యాబులో చూసి చెప్తారట.

"ఇప్పుడైతె ఈ ఏడాదికి పెట్టి సూస్తున్నరు అక్కా," అంది కవిత. "మంచిగ పనిచేస్తే అన్ని ఊర్లల్ల పెడ్తరు. లేకుంటే బంద్ చేస్తరు."

ముప్పై దాటిన ఆడవాళ్లందరినీ షెడ్డు నీడకు పిలిచి ముందుగా ఒకటే మాట అడిగింది. గర్భసంచి ఉన్నదా, తీసేసిన్రా? ఉన్నవాళ్లు ఇటు, తీసేసినవాళ్లు అటు. చూస్తుండగానే అటువైపు నిండిపోయింది. నూకలు చెరిగేవాళ్లు, ఊక ఎత్తేవాళ్లు, మిల్లు వంటమనిషి లక్ష్మమ్మ, చివరికి నాకంటే చిన్నవాళ్లు కూడా అటే. తెల్లబట్ట అవుతోందని ఒకరు తీయించుకున్నారు, నడుం నొప్పని ఒకరు, పిల్లలు చాలు ఇంకెందుకని మరొకరు. ఇటువైపు మేం కొద్దిమందిమే మిగిలాం.

"మాకు రోగమొచ్చే జాగనే లేదు," అని లక్ష్మమ్మ పకపకా నవ్వింది. "మీరే జర పరేషాన్ గావాలె."

అందరం నవ్వాం. కవిత కూడా నవ్వి వాళ్లను పనిలోకి పంపించేసింది. సంచి లేనివాళ్లకు గొట్టం ఇవ్వకూడదని రూలు.

ఆ ఆపరేషన్ మా వైపు ఎంత మామూలో తెలియనివాళ్లకు చెప్పాలి. దానికి ఒక సీజను కూడా ఉంది. యాసంగి కోతలు అయిపోయి వానాకాలం నాట్లు పడేలోపు పనులుండవు, ఆ ఎండల్లో పెట్టుకుంటారు. మే నెలలో మిర్యాలగూడ నర్సింగ్‌హోముల్లో మంచం దొరకడం కష్టం. అమావాస్య రాకుండా రోజు చూసుకుంటారు. తల్లో అక్కో వచ్చి నెల పాటు ఉండి బాలింతకు చేసినట్టు చేస్తుంది. చెవుల్లో దూది, తలకు తువ్వాల, కారప్పొడి అన్నం. పెళ్లయ్యాక కొందరికి దొరికిన మొదటి విశ్రాంతి అదే. మా అత్తమ్మకు ఆ ఆపరేషన్ అయింది, మా ఆడబిడ్డకు అయింది. కోదాడలో ఉండే మా అక్క విజయకు ముప్పై నిండకముందే అయింది.

నేను గొట్టం ఇచ్చేసి వచ్చి కాంటా దగ్గర కూర్చున్నాను. ఆ తర్వాత దాని సంగతే మరిచిపోయాను.

మే

కవిత ఫోన్ చేసింది. అప్పుడు కాంటా మీద ఒక లారీ ఉంది.

"అక్కా, గాబర పడకు. వైరస్ ఉన్నదని వచ్చింది. క్యాన్సర్ అని కాదు. సూర్యాపేట పెద్ద దవాఖానల లెన్సు పెట్టి సూస్తరు, శనివారం పోదాం."

ఆమె జాగ్రత్తగానే చెప్పింది. నాకు మాత్రం మధ్యలో ఉన్న ఒక్క మాటే వినపడింది. దాని వెనకాల ఉన్న "కాదు" వినపడలేదు. ఆ లారీకి ఇంకో లారీ నంబరుతో చీటీ కొట్టి ఇచ్చేశాను. డ్రైవరే తిరిగొచ్చి, "ఏంది మేడం, పానం బాగ లేదా?" అని అడిగాడు.

భయమేసింది. దాచుకోవడం ఎందుకు, చచ్చిపోతానని భయమేసింది. మా పాప సాహితి ఇంటర్ రెండో సంవత్సరానికి వచ్చింది. ఆ సాయంత్రం దానికి పోపుల డబ్బా ఎక్కడుంటుందో, గ్యాస్ బుక్ ఎక్కడుంటుందో చెప్పడం మొదలుపెట్టాను. అది కాసేపు విని, "నాకెందుకమ్మా ఇప్పుడు?" అంది. పెరట్లోకి వెళ్లిపోయాను.

మా ఆయన యాదగిరి లారీ డ్రైవరు. విషయం చెప్తే బయటికెళ్లి కాళ్లు కడుక్కొచ్చాడు. మళ్లీ వెళ్లి మళ్లీ కడుక్కొచ్చాడు. "రేపు మన డాక్టర్ దగ్గరికి పోదాం పా," అన్నాడు చివరికి. మన డాక్టర్ అంటే, మా ఇంట్లో ఆడవాళ్లందరికీ ఆపరేషన్లు చేసిన నర్సింగ్‌హోం డాక్టరు. పెద్దాయన, మర్యాదగా మాట్లాడతాడు. స్కాన్ చేసి, "సంచి కొంచెం వాచిందమ్మా. పిల్లలు చాలు కదా, తీసేద్దాం. వైరస్ పోతుంది, భయమూ పోతుంది," అన్నాడు. వచ్చే వారానికి మంచం రాయించుకున్నాం. నిజం చెప్పాలంటే ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఏదో ఒకటి తేలింది కదా అనిపించింది.

కబురు అందగానే అక్క కోదాడ నుంచి దిగింది. బస్టాండు దగ్గర అక్కకూ బావకూ టిఫిన్ సెంటర్ ఉంది. అది బావ మీద వదిలేసి, రెండు కొత్త నైటీలు, వెల్లుల్లి కారం డబ్బా, నడుముకు కట్టుకునే బెల్టు పట్టుకొచ్చింది. మేం పుట్టింది తిరుమలగిరి దగ్గరే గానీ, కోదాడ వెళ్లాక అక్క మాట ఆంధ్రా వైపుకు తిరిగింది. మేం ఏడిపిస్తే ఒప్పుకోదు.

"ఏంటే మొహం అట్లా పెట్టావ్? ఇంతోటి ఆపరేషన్‌కి! నేను చేయించుకోలా? చూడు, గుండ్రాయిలా ఉన్నా."

గుండ్రాయిలా ఏమీ లేదు. ఆపరేషనయిన మరుసటేడు నుంచే అక్కకు ఒంట్లో సెగలు, నడుం నొప్పి. ఈ మధ్య తరచుగా "వేడి చేసింది" అంటూ సబ్జా గింజలు నానబెట్టుకుని తాగుతోంది. ఆ వేడి ఏమిటని మేం ఎవరం అడగలేదు.

శనివారం నేను సూర్యాపేట పోలేదు. ఆదివారం కవిత మా ఇంటికే వచ్చింది. అత్తమ్మ ఆమెకు చాయ్ ఇచ్చింది, చాయ్‌తో పాటు తిట్లూ పెట్టింది.

"సర్కారు దవాఖాన సుట్టు తిప్పి తిప్పి సంపుతరు మీరు. మా ఇంట్ల అందరికి తీసిన్రు. ఎవలకేమైంది?"

కవిత చాయ్ అంతా తాగి గ్లాసు కింద పెట్టింది. "తీయించుకోవద్దంటలేను పెద్దమ్మా. లోపట ఏమున్నదో ఒకపారి సూపిచ్చుకొని, అటెన్క తీయించుకోమంటున్న. సూర్యాపేటకు నేను గూడ వస్త."

"మంచం గూడ రాయించినం సిస్టర్," అన్నాడు మా ఆయన. "మిల్లుల సెలవు అడిగినం. ఇప్పుడు వద్దంటే ఎట్ల?"

"మన డాక్టరు లోపట సూసిండా?" అని అడిగాను.

"స్కాన్ చేసిండు గద!" అన్నాడాయన.

"మూతి మీద మచ్చ ఉంటే స్కాన్ల కనపడదు అన్నా," అంది కవిత.

నాకు ఆ ఒక్క మాట చాలింది. లోడు ఎంతో చూడకుండా చీటీ కొట్టడం నా వల్ల కాదు. "నేను సూర్యాపేటకు పోత," అన్నాను.

మా ఆయన లేచి అరిచాడు. "తీసేస్తే అయిపోయేదానికి తిరుగుడేంది? ఈలోపట నీకేమన్న అయితే?" అరుపులో కోపం కంటే భయమే ఎక్కువుంది. అయినా అరుపు అరుపే. కొన్నాళ్లు మా ఇద్దరికీ మాటల్లేవు. అక్క వేరే అలిగింది. "పెద్దదాన్ని చెప్తే ఎందుకు వింటావులే," అంది గానీ కోదాడ మాత్రం పోలేదు. నైటీలు మడత విప్పకుండా బీరువాలో పెట్టి, మా వంటింట్లోనే ఉండిపోయింది.

జూన్

మొదటిసారి కవిత నాతో వచ్చింది. ఆ రోజు లెన్సు డాక్టరు రాలేదు, ఎక్కడో క్యాంపు డ్యూటీ పడిందట. పొద్దున వెళ్లినవాళ్లం సాయంత్రానికి ఉత్తచేతులతో వచ్చాం. మా ఆయన అనాల్సినవన్నీ ముఖంతోనే అన్నాడు. నర్సింగ్‌హోంలో నా మంచం ఇంకెవరికో ఇచ్చేశారని మాత్రం చెప్పాడు.

రెండోసారి కవితకు వీలు కాలేదు. వార్డులో తనకు తెలిసిన సిస్టర్‌కు ఫోన్ చేసి చెప్పింది. అక్క క్యారేజీ కట్టుకుని నా వెంట బయల్దేరింది. "నీ మీద ప్రేమ కాదే, మధ్యాహ్నం దాకా తిండి లేకపోతే కళ్లు తిరుగుతాయ్ నీకు, నాకు తెలుసు," అని బస్సులో రెండుసార్లు చెప్పింది.

ఆ వరండాలో సిమెంటు బెంచీలు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి కింద దాకా రావడం లేదు. తిరుమలగిరి మొదటి బస్సుకు వచ్చినవాళ్లు అప్పటికే ముందు వరసలో ఉన్నారు. అక్కడ ఎవరూ ఎవరినీ జబ్బు ఏమిటని అడగరు, ఊరు ఏదని అడుగుతారు. నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ పత్తి చేలో పనికి పోతుందట. తన ఫైలు నన్ను పట్టుకోమని బాత్రూంకు వెళ్లొచ్చింది. వచ్చాక ఫైలు తీసుకోలేదు, నా చెయ్యి పట్టుకుంది.

"మొదటిపారా బిడ్డా? లోపలికి పోయినంక ఊపిరి బిగవట్టకు. ఇడువు. గంతే, ఇంకేం లేదు."

ఆమె పేరు అడగడం మరిచిపోయాను. చెప్పింది మాత్రం నిజం. ఊపిరి వదిలితే నొప్పి సగం తగ్గుతుంది.

డాక్టరమ్మ చిన్న వయసుది. లెన్సు పెట్టి, ఏదో పుల్లటి వాసన వచ్చే మందు రాసి, కాసేపు ఆగి చూసింది. చిటికెడు ముక్క తీసింది. నేను చీర సర్దుకుని కూర్చున్నాక దాపరికం లేకుండా చెప్పింది.

"తెల్లమచ్చ ఉందమ్మా. చూడటానికి చిన్నదే. ముక్క రిపోర్టు రానివ్వండి. చిన్నదే అయితే ఆ మచ్చ వరకు తీస్తే చాలు, సంచి జోలికి పోనక్కర్లేదు. ఒకవేళ లోపలికి పాకి ఉంటే మామూలు ఆపరేషన్ సరిపోదు, దానికి వేరే ఆపరేషన్ ఉంటుంది. ఎలా చూసినా తొందరపడి తీయించుకోకపోవడమే మంచిదయింది."

నా చేతిసంచీ, చెప్పులూ పట్టుకుని అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. డాక్టరమ్మ రాసుకుంటూనే ఆమెను అడిగింది.

"మీరు అక్కా? మీరు చేయించుకున్నారా పరీక్ష?"

"నాకు సంచి లేదండి. ఎప్పుడో తీసేశారు."

"మొత్తం తీశారా, మూతి ఉంచేశారా?"

అక్కకు రోషం వచ్చింది. "మొత్తమేనండీ. ట్రేలో పెట్టి మా ఆయనకి చూపించారు కూడా."

మా దగ్గర అదొక పద్ధతి. ఆపరేషనయ్యాక తీసినదాన్ని స్టీలు ట్రేలో పెట్టి బయట ఉన్న మొగుడికో తండ్రికో చూపిస్తారు. చూసినవాళ్లు తలూపుతారు. ఇక ఆ రోగం ఆ ఇంట్లోంచి పోయినట్టే. అది చూశాక బావకు అన్నం సహించలేదని మా ఇళ్లలో ఇప్పటికీ నవ్వుకుంటాం.

డాక్టరమ్మ నవ్వలేదు. "ట్రేలో సంచి కనిపిస్తుందమ్మా. మూతి లోపలే మిగిలిందో లేదో ట్రే చూసి మీ ఆయన ఎలా చెప్తాడు? ఒకసారి పడుకోండి, చూస్తాను."

"నాకెందుకండీ? జబ్బు దానికి, నాకు కాదు."

"పండుకో అక్కా," అన్నాను. "నేను పండుకోలేదా?"

గొణుక్కుంటూనే బల్ల ఎక్కింది. నేను తెర ఇవతల నిలబడ్డాను. కోదాడలో ఎవరికైనా తెలిస్తే నవ్వుతారని, అట్లు పోసుకునేదానికి ఇదంతా ఎందుకని అక్క గొణుగుడు వినిపిస్తూనే ఉంది. తర్వాత డాక్టరమ్మ గొంతు వినిపించింది.

"మధ్యమధ్యలో రక్తం కనిపిస్తోందా?"

"వేడి చేసినప్పుడు కాస్త..."

"ఎప్పటి నుంచి?"

నేను అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చున్నాను.

మూతి అలాగే ఉంది. దాని మీద పుండు ఉంది. అక్కకూ ముక్క తీశారు. తిరుగు బస్సులో అక్క ఒళ్లో క్యారేజీ పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఊరు దగ్గరికొచ్చాక, "నువ్వు అన్నం తిననే లేదు కదే," అంది.

ఇద్దరి రిపోర్టులూ ఒకేసారి వచ్చాయి. నాది క్యాన్సర్ కాబోయేది. అక్కది అప్పటికే అయింది.

వానాకాలం

నా సంగతి తొందరగా చెప్పేస్తాను, చెప్పడానికి ఎక్కువ లేదు. సూర్యాపేటలోనే కరెంటు తీగలాంటి దానితో ఆ మచ్చ వరకు తీసేశారు. మత్తు సూది అక్కడికే ఇచ్చారు. అదే రోజు ఇంటికి పంపించారు. కొన్నాళ్లు కడుపులో పట్టేసినట్టుండి తగ్గిపోయింది. ఏడాదికోసారి చూపించుకోవాలి. ఆ రోజు మా ఆయన బండి పనికి పోకుండా నాతో వచ్చాడు. సంచి ఉంచితే ఏం కాదా అని డాక్టరమ్మను మూడు రకాలుగా తిప్పి తిప్పి అడిగాడు. ఇప్పుడు మిల్లు దగ్గర లారీ దిగిన ప్రతి డ్రైవరునూ పట్టుకుని, "మీ ఇంటామెకు తీసేసేముందు లోపట సూపిచ్చినవా?" అని పాఠం చెప్తున్నాడు. మొన్నటి అరుపులు ఎవరివో అడగాలని నోటి దాకా వచ్చి మింగేశాను.

అక్కను హైదరాబాద్ తీసుకెళ్లాం. వారాల తరబడి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు, మధ్యలో సెలైన్లో మందు ఎక్కించారు. దవాఖాన దగ్గర్లో ఒక గది కిరాయికి తీసుకుని, నేను కొన్నాళ్లు, బావ కొన్నాళ్లు ఉన్నాం. నాకోసం కొన్న నైటీలు అక్కే తొడుక్కుంది. విరేచనాలు, మంట, ఏం తిన్నా వాంతి. జీవితమంతా ఇడ్లీ పిండి రుబ్బిన మనిషి ఇడ్లీ వాసనకు ముక్కు మూసుకునేది. పక్క గదివాళ్లు పొద్దున ఇడ్లీ పెడితే కిటికీ వేసేదాన్ని. ఆ సంగతి వాళ్లకెలా తెలిసిందో, ఆ తర్వాత వాళ్లు ఉప్మాకు మారారు. మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

నేను పోతానేమోనని పడ్డ భయం పెద్దదే. అక్క పోతుందేమోనని పడ్డ భయం ముందు అది ఏమీ కాదు. ఆ వరండాల్లో కూర్చుంటే కోపం కూడా వచ్చేది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయేదాన్ని. మా మిల్లుకు వచ్చినట్టే కోదాడలో అక్కవాళ్ల వీధికీ గొట్టాలు వచ్చాయి. వాళ్ల సిస్టర్ కూడా అదే మాట అడిగింది, అక్క అదే జవాబు చెప్పింది, సిస్టర్ పక్కింటికి వెళ్లింది. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ పని ఎగ్గొట్టలేదు. పాతికేళ్ల కింద కోదాడలో అక్కకు ఆపరేషన్ చేసిన డాక్టరు ఇప్పుడు లేడు, ఆ నర్సింగ్‌హోం ఉన్నచోట ఫోన్ల దుకాణం ఉంది. తిట్టడానికి ఒక్క మనిషి కూడా దొరకలేదు.

బావ మాట తక్కువ మనిషి. ఒకరోజు అక్క లోపల మిషను కింద ఉంటే, బయట నా పక్కన కూర్చుని ఉన్నట్టుండి అన్నాడు.

"ట్రేలో చూశాను కదా స్వరూపా. కళ్లారా చూశాను."

నీళ్ల సీసా ఇస్తే తీసుకుని, మూత తీయకుండా అలాగే పట్టుకున్నాడు.

దసరా దాటాక, పుండు మానిందని, ఇక కొన్ని నెలలకోసారి వచ్చి చూపించుకోవాలని చెప్పి పంపించారు. తగ్గిపోయింది అన్న మాట వాళ్లు అనలేదు. మేమూ పట్టుబట్టి అడగలేదు. ఇది చదివేవాళ్లలో సంచి తీయించుకున్నవాళ్లుంటే ఒకటే చెప్తాను. ఏం తీశారో, ఏం ఉంచారో అడిగి తెలుసుకోండి. చెప్పేవాళ్లు లేకపోతే ఒకసారి వెళ్లి బల్ల మీద పడుకోండి. ఊపిరి బిగబట్టకుండా ఉంటే పెద్దగా నొప్పి ఉండదు.

డిసెంబరు

ఏడాది అయిపోవచ్చింది. పరీక్షను ఉంచాలా, ఆపేయాలా అని చూడటానికి హైదరాబాద్ నుంచి మనుషులు వచ్చారు. సూర్యాపేటలో ఒక మీటింగు హాలులో నర్సులను, పరీక్ష చేయించుకున్న కొందరు ఆడవాళ్లను కూర్చోబెట్టారు. కవిత నన్ను రమ్మంది. అక్క తనూ వస్తానంది. ఇంకా నీరసంగా ఉన్నావు, వద్దన్నాను. విననంది.

వచ్చినవాళ్లలో ఒక పెద్ద డాక్టర్ మేడం, డబ్బు లెక్కలు చూసే ఒక సారు ముఖ్యం. సారు కుర్రవాడే గానీ సూటిగా మాట్లాడాడు.

"పరీక్ష మంచిదా కాదా అన్నది కాదు మా ముందున్న ప్రశ్న. సర్కారు దగ్గరున్న డబ్బు ఇంతే. దీనికి పెడితే ఇంకోదానికి తగ్గుతుంది. ఆ డబ్బుతో ఈ వైరస్ రాకుండా ఆడపిల్లలకు టీకాలు వేయొచ్చు. మందు రాసి కంటితో చూసే చౌక పరీక్ష కూడా ఉంది. పైగా వైరస్ ఉందని తెలిసినవాళ్లలో కొందరు ఇక్కడికి రాకుండా నేరుగా నర్సింగ్‌హోంకు వెళ్లి సంచి తీయించుకున్నారు. అంటే ఈ పరీక్ష వల్ల అక్కర్లేని ఆపరేషన్లు పెరిగాయా అన్నది కూడా మేం చూడాలి."

నర్సులు ఇబ్బందిగా కదిలారు. ఎండల్లో ఇల్లిల్లూ తిరిగింది వాళ్లు కదా, మనసు చివుక్కుమనడంలో తప్పు లేదు. నాకు మాత్రం ఆ సారు నచ్చాడు. అడగాల్సిందే అడిగాడు. లేచి నిలబడ్డాను.

"సార్, నేను గూడ ఆ నర్సింగ్‌హోంల మంచం రాయించుకున్నదాన్నే. మీ పరీక్ష నన్ను ఆపలేదు. ఈ సిస్టర్ మా ఇంటికొచ్చి, తిట్లు తిని, కూసొని చెప్పింది. గందుకే ఆగిన. ఉత్త గొట్టమిచ్చి ఊకునేటట్టయితే మీ పైసలు పెట్టకున్రి, నర్సింగ్‌హోములే నిండుతయ్. ఫోన్ చేసి ఇంటికొచ్చే మనిషి ఉండాలె. లెన్సు డాక్టరు పోయిన రోజు దొరకాలె. ఇవన్ని కలిపి పెడ్తెనే పెట్టున్రి."

"అవన్నీ కలిపితే ఖర్చు ఇంకా పెరుగుతుందమ్మా," అన్నాడు సారు.

"పెరుగుతది. నేను కాదంటలేను."

ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. నేను చెప్పింది రాసుకున్నాడు. ఇంకెవరైనా మాట్లాడతారా అని మేడం అడిగింది. నా పక్కన అక్క ముందు కుర్చీ పట్టుకుని మెల్లగా లేచింది. చిక్కిపోయి జాకెట్టు భుజాల మీద నిలవడం లేదు. మేడం తన దగ్గరున్న కాగితాలు చూసి, "మీరు పరీక్ష చేయించుకున్నవాళ్లలో లేరే?" అంది.

"లేనండి. నన్నూ అడిగారు. సంచి లేదన్నాను, వెళ్లిపోయారు."

"మరి మీకు ఎలా తెలిసింది?"

"మా చెల్లి ఇక్కడికి చూపించుకోవడానికొస్తే దానికి అన్నం పట్టుకొచ్చానండి. తలుపు దగ్గర నిలబడి ఉంటే ఆ డాక్టరమ్మ నన్నూ పడుకోమంది. మూతి ఉందంది. క్యాన్సరంది." అక్క కాస్త ఆగి ఊపిరి తీసుకుంది. "ఆ రోజు రాకపోయుంటే ఈపాటికి చచ్చిపోయేదాన్ని. ఏ జబ్బుతో పోయానో కూడా మావాళ్లకి తెలిసేది కాదు. వేడి చేసి పోయిందని చెప్పుకునేవాళ్లు."

ఇలా మూతి మిగిలినవాళ్లు ఎంతమంది ఉంటారని సారు నర్సుల వైపు చూసి అడిగాడు. ఎవరికీ తెలియదు. ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు.

"సంచి లేదన్నవాళ్లందరినీ మేం మొదట్లోనే పక్కన పెట్టేశాం," అంది మేడం, ఎవరితోనో కాకుండా తనలో తను అనుకుంటున్నట్టు.

"మా దగ్గర వాళ్లే ఎక్కువండి," అంది అక్క. "నాకైతే చెల్లి ఉంది కాబట్టి సరిపోయింది. అందరికీ ఉండదు కదండీ."